పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు

ఆ పొద్దున సూపర్‌వైజరు చేతిలో ఉన్నవి: పదకొండింటికి ఒక ఇంటర్వ్యూ, పన్ను నొప్పి పేరు చెప్పి సంపాదించిన సగంరోజు సెలవు, ఇస్త్రీ చేసిన చొక్కా. లేనిది ఒక్కటే. "ఉన్న ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారు?" అని అడిగితే చెప్పడానికి ఒక కారణం.

అసలు కారణం లేక కాదు, అది బయటపెట్టుకునేలా లేదు. అతను పనిచేసేది ఫ్యాన్ల టోకు వ్యాపారంలో. మేడమీద పెద్ద హాలు, కప్పు కనపడకుండా ఫ్యాన్లు, వాటి కింద అతని కుర్చీ. వాటిలో ఒక్కటీ తిరగదు. తిరిగితే సరుకు పాతబడుతుందని యజమాని నమ్మకం. "అమ్ముకునే సరుకు మనం వాడేసుకుంటే ఇక అమ్మేదేముందయ్యా?" అంటాడాయన. కొట్లో పనివాళ్ళ దగ్గర్నుంచి సరుకు కొనేవాళ్ళ దాకా ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. తిట్టడు, జీతం ఆపడు. గాలి మాత్రం ఇవ్వడు. తొమ్మిదేళ్ళుగా సూపర్‌వైజరు అన్ని ఫ్యాన్ల కిందా కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"ఎదుగుదల కోసం అని చెప్పండి," అంది భార్య, చొక్కా అందిస్తూ.

"అది అందరూ చెప్పేదే. వినీ వినీ వాళ్ళ చెవులు అరిగిపోయుంటాయి."

"జీతం చాలట్లేదనండి."

"ఎక్కువ అడుగుతానేమోనని ముందే జడుసుకుంటారు."

"పోనీ మీ ఒంట్లో బాగుండట్లేదని..."

"సరుకులో లోపముందని చెప్పి సరుకు అమ్మమంటావా?"

కిటికీ దగ్గర అతని తండ్రి వ్యాయామం చేస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి, రెండు చేతుల్లోనూ రెండు నీళ్ళ డబ్బాలు పట్టుకుని పైకీ కిందికీ ఎత్తుతున్నాడు. "నిజం చెప్పరా. గాలి లేదను. పోయేదేముంది?"

"నవ్వుతారు నాన్నా."

"నవ్వితే నవ్వనీ. నవ్వించినవాడికి ఉద్యోగం ఇవ్వకూడదని ఎక్కడన్నా ఉందా?"

భార్య ఆ మాట వినలేదు. ఆమె మామగారి వంక అదోలా చూస్తోంది. కొట్లో చాలాసేపు వెతికినవాళ్ళకి కావలసిన వస్తువు ఎదుటి అరలోనే కనబడితే అలాగే చూస్తారు. "మావయ్యగారికి బాగాలేదని చెప్పండి. పంపుల కంపెనీ మన వీధి చివరే కదా. దగ్గరుండి చూసుకోవాలని అక్కడికి మారుతున్నానని చెప్పండి."

నీళ్ళ డబ్బాలు గాలిలోనే ఆగాయి. "నాకేం రోగమమ్మా? నిన్న బియ్యం మూట మేడమీదికి మోసిందెవరు?"

"నిజంగా కాదు మావయ్యగారూ, మాటవరసకి."

తండ్రి డబ్బాలు కిందికి దించాడు. "సరే. కానీ జలుబూ గిలుబూ అని చిన్నాచితకా జబ్బులు చెప్పకు. నా పరువు పోతుంది."

"ఆయాసమైతే?"

"ఆయాసం పరవాలేదు."

సూపర్‌వైజరు లెక్కవేసి చూసుకున్నాడు. తన మీద మచ్చ పడదు, ఎదుటివాడు జాలిపడతాడు, నిజమో కాదో చూడ్డానికి ఎవరూ ఇంటికి రారు. ఇంత తక్కువలో ఇంతకంటే మన్నికైన అబద్ధం దొరకదని తేల్చుకుని బయల్దేరాడు.

పంపుల కంపెనీ మేనేజరు సన్నటి మనిషి. మెల్లగా మాట్లాడతాడు, ఎదుటివాడు మాట్లాడేటప్పుడు తల వంచి వింటాడు. ఆయన గదికి గాజు తలుపు. తలుపు అవతల బెంచీ మీద, బిల్లుల మీద సంతకం కోసం లారీ ట్రాన్స్‌పోర్టు ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన లారీలు పంపులూ మోస్తాయి, ఫ్యాన్లూ మోస్తాయి. సూపర్‌వైజరు కంగారులో ఆయన్ని చూడలేదు.

అనుభవం గురించి అడగడం అయింది. సరుకు నిల్వల గురించి అడగడం అయింది. మేనేజరు పెన్ను కింద పెట్టి, "మరి అక్కడెందుకు మానేస్తున్నారు?" అన్నాడు.

పరాయివాళ్ళ ముందు, ఈ వయసులో, 'మా నాన్న' అనడం సూపర్‌వైజరుకి చిన్నతనంగా తోచింది. గౌరవంగా ఉంటుందని మాట మార్చాడు. ఆ మార్పు దగ్గరే బేరం తప్పింది.

"మా పెద్దాయనకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదండీ."

మేనేజరు కుర్చీ ముందుకు జరిగింది. ఫ్యాన్ల వ్యాపారి తప్ప ఇంకో పెద్దాయన ఆయనకి తెలియదు. "పెద్దాయనకా? మొన్ననే చూశానే! గట్టిగానే ఉన్నారు?"

వీధి చివర ఆఫీసు కదా, నాన్న నడకకి వెళ్ళినప్పుడు చూసుంటాడు అనుకున్నాడు సూపర్‌వైజరు. "పైకి అలాగే కనిపిస్తారండీ. లోపల డొల్ల. ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కలేకపోతున్నారు."

ఫ్యాన్ల కొట్టు మేడమీదని మేనేజరుకి తెలుసు. ఆయన నాలుక చప్పరించాడు. "ఈ సంగతి బయటెవరికీ తెలీదా?"

"బయట చెప్పుకోలేదండీ."

"ఆయన తర్వాత అంతా చూసుకునేవాళ్ళు?"

"ఎవరున్నారండీ? మొత్తం నా నెత్తిమీదే."

"మరి మీరు ఇక్కడికి వచ్చేస్తే ఎలా?"

"అందుకే కదండీ రావడం! ఇక్కడుంటే ఆయన సంగతి నేను చూసుకుంటాను."

సంగతి చూసుకోవడం రెండు రకాలు. మందూ మాకూ ఇచ్చి చూసుకోవడం ఒకటి, దెబ్బకొట్టి చూసుకోవడం ఒకటి. మేనేజరు రెండోది అందుకున్నాడు. చాలామంది తమ అనుభవం తెస్తామంటారు. యజమాని వ్యాపారాన్ని మొత్తంగా మూటగట్టి తెస్తాననే మనిషిని ఆయన చూడటం అదే మొదలు. లేచి చేయి కలిపాడు. "రేపు ఫోన్ చేయండి. మంచి కబురే ఉంటుంది."

సూపర్‌వైజరు ఈల వేసుకుంటూ వెళ్ళాడు. గాజు తలుపు అవతల ట్రాన్స్‌పోర్టు ఆయన సంతకం సంగతి మరిచిపోయి ఫోన్ తీశాడు. సరుకు మోసినందుకు ఆయన బాడుగ తీసుకుంటాడు. కబుర్లు మాత్రం ఊరికే మోస్తాడు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు దవడ పట్టుకుని కొట్లోకి వచ్చేసరికి యజమాని ఫోన్ వంక అనుమానంగా చూస్తున్నాడు.

"పీకించావా?"

"లేదండీ, మందిచ్చారు."

"సరే గానీ, ఇదేంటయ్యా, పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు! అందరూ ఎలా ఉన్నారని అడిగేవాళ్ళే గానీ ఒక్కడూ సరుకు అడగడే! ఒకడు మెట్లెక్కకండి అన్నాడు. మెట్లు నావి, కొట్టు నాది, ఎక్కకుండా ఎలా వస్తాను? ఇంకొకడు ఏడ్చాడు."

"ఎందుకండీ?"

"అడిగితే ఇంకా ఏడ్చాడు!" యజమాని ముందుకు వంగాడు. "నా మొహం చూడు. ఎలా ఉంది?"

"ఎప్పటిలాగే ఉందండీ."

"ఎప్పటిలాగే అంటే? ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

జవాబు కోసం చూడకుండా ఆయన అద్దం దగ్గరికి వెళ్ళి నాలుక బయటపెట్టి చూసుకున్నాడు. తిరిగొచ్చి మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో ట్రాన్స్‌పోర్టు ఆయన మెట్లెక్కి వచ్చాడు. యజమాని చేతిని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"మీకు ఎప్పుడు కావాలన్నా నా లారీ సిద్ధంగా ఉంటుంది."

"నాకు లారీ దేనికయ్యా?"

"దేనికైనా," అన్నాడు ట్రాన్స్‌పోర్టు ఆయన, ఆ చేతిని ఇంకా గట్టిగా నొక్కుతూ.

తర్వాత సూపర్‌వైజరుని అట్టపెట్టెల వెనక్కి లాక్కెళ్ళాడు. "బాబూ, పొద్దున నువ్వు చెప్పిందంతా విన్నాను. తలుపు అవతల ఉన్నది నేనే. పెద్దాయనకి ఆయాసమా! మెట్లెక్కలేకపోతున్నారా! ఎంత ధైర్యం, పైకి ఎలా కూర్చున్నారో చూడు!"

సూపర్‌వైజరు వీపు మీద చల్లటి చెమట పట్టింది. ఆ హాల్లో అతనికి చల్లగా తగిలినది తొమ్మిదేళ్ళలో అదొక్కటే. ఇంట్లో ఒక పెద్దాయన, కొట్లో ఒక పెద్దాయన. ఒకరి చీటీ ఇంకొకరి మీద అంటించి తనే పొద్దున సరుకు పంపాడు. ఇంటర్వ్యూకి వెళ్ళిన సంగతి కూడా ఇప్పుడు ఈయన చేతిలో ఉంది. యజమానికి తెలిస్తే ఉన్నదీ పోతుంది, రావలసిందీ రాదు.

"మీరు ఈయనకేమీ చెప్పలేదు కదా? నేను మారుతున్నానని?"

"ఛ! ఈ స్థితిలో ఆయన మనసు కష్టపెడతానా? ప్రశాంతంగా ఉండనీ." కళ్ళు తుడుచుకుని ట్రాన్స్‌పోర్టు ఆయన మెట్లు దిగాడు.

సూపర్‌వైజరు పెట్టెల మధ్యే కూలబడి మేనేజరుకి ఫోన్ చేశాడు. "సార్, పెద్దాయన బాగానే ఉన్నారు సార్!"

"పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. అవునైతే అవును అనండి చాలు," అన్నాడు మేనేజరు రహస్యంగా.

"ఎవరూ లేరు సార్! మీరు వేరేలా అర్థం చేసుకున్నారు. పెద్దాయన అంటే నాకు యజమాని కాదు సార్! నాన్న!"

అవతల మేనేజరు కుర్చీ కిర్రుమంది.

"ఆయన మీకు నాన్నగారా!"

"అవునండీ," అన్నాడు సూపర్‌వైజరు, గండం గడిచిందని ఊపిరి వదులుతూ.

"సొంత నాన్నగారే?"

"సొంతమేనండీ. నేనొక్కణ్ణే కొడుకుని."

"ఆయనకి పిల్లల్లేరని అందరూ అంటారే!"

"ఎవరండీ అన్నది? నేను లేనూ?"

"అమ్మగారికి తెలుసా ఈ సంగతి?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు సూపర్‌వైజరు. "అమ్మ ఎప్పుడో పోయిందండీ."

"అయ్యయ్యో. ఇంకేం చెప్పకండి, అంతా అర్థమైంది. తొమ్మిదేళ్ళు సొంత తండ్రి కొట్లో జీతానికి... మీ ఓర్పుకి ఏమనాలో తెలీటం లేదు." మేనేజరు ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, ఇంత బరువు ఒక్కడే మోయలేక ట్రాన్స్‌పోర్టు ఆయనకి చేశాడు. ట్రాన్స్‌పోర్టు ఆయన తన భార్యకి చేశాడు. ఆవిడ, ఓదార్చడం తన బాధ్యత అనుకుని, యజమాని భార్యకి చేసింది: "ధైర్యంగా ఉండండి వదినా. ఏదన్నా అయినా పిల్లాడున్నాడు కదా."

"ఏ పిల్లాడు?" అంది యజమాని భార్య.

ఆవిడ కొట్టుకి రావడం అరుదు. ఆ రోజు వచ్చింది. భర్త వైపు చూడకుండా తిన్నగా సూపర్‌వైజరు ముందుకొచ్చి, ముక్కూ నుదురూ గడ్డమూ వరుసగా తనిఖీ చేసింది. చెవుల దగ్గర ఆగింది.

"అవే చెవులు," అంది.

"ఎవరి చెవులు?" అన్నాడు యజమాని.

"నాకు ఆ మాత్రం తెలీదనుకున్నారా? ఆయాసం ముదిరేదాకా నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"నాకు ఆయాసం లేదు!"

"కొడుకున్నాడా లేదా?"

"కొడుకూ లేడు! నాకు ఏమీ లేదు! పొద్దున్నుంచీ నాకు ఉన్నవన్నీ ఊళ్ళోవాళ్ళు చెబుతున్నారు!" యజమాని సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వెవరి కొడుకువి?"

"మా నాన్న కొడుకునండీ."

"ఆ నాన్నెవరో చెప్పు బాబూ, నేనేమీ అనను," అంది యజమాని భార్య, అనబోయేవాళ్ళు అనే గొంతుతో.

సూపర్‌వైజరు నాలుక ఎండిపోయి ఉంది. గౌరవం మాత్రం దాన్ని వదల్లేదు. "మా పెద్దాయనండీ," అనేశాడు.

యజమాని భార్య దొరికిన కుర్చీలో కూలబడింది. యజమాని తన చెవులు తనే తడుముకున్నాడు.

ఇక చెప్పి లాభం లేదు, మనిషిని తెచ్చి చూపించాల్సిందేనని సూపర్‌వైజరు ఇంటికి ఫోన్ చేశాడు. "నాన్నని వెంటనే కొట్టుకి పంపించు."

"ఎలా పంపను? మంచమ్మీద పడుకుని ఆయాసపడుతున్నారు," అంది భార్య.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. కంపెనీవాళ్ళు చూడ్డానికొస్తే బాగుండాలని పొద్దున్నుంచీ సాధన చేస్తున్నారు. బాగానే వస్తోంది."

"ఆయాసం వద్దు! లేచి గట్టిగా రమ్మను!"

తండ్రి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మెట్ల మీద ముందు ఎవరో రొప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుని దాటుకుంటూ రెండేసి మెట్ల చొప్పున అంగలేస్తూ తండ్రి పైకి వచ్చాడు. ఆయన వెనక, కడసారి చూపు చూసిపోదామనీ, వీలైతే కొట్టు కూడా చూసిపోదామనీ వచ్చిన పంపుల కంపెనీ మేనేజరు, పళ్ళ సంచి గుండెకి హత్తుకుని, గోడ పట్టుకుని తేలాడు. పొద్దున్నుంచీ అందరూ చెప్పుకుంటున్న ఆయాసం నిజంగా ఉన్నది ఆయనొక్కడికే.

"ఇదుగో, ఈయన మా ఇంటి పెద్దాయన, మా నాన్న," అన్నాడు సూపర్‌వైజరు. "ఆయన కొట్టు పెద్దాయన, మా యజమాని. ఇద్దరూ వేరు!"

యజమాని భార్య లేచి వెళ్ళి తండ్రి చెవులు రెండు పక్కలా చూసింది. కొడుకు చెవులు చూసింది. భర్త చెవులు చూసి, పెదవి విరిచి, "కాదులే," అంది. యజమాని మొదటిసారి మణికట్టు వదిలేశాడు.

అంతా సర్దుకుందనుకున్న వేళకి మేనేజరుకి ఊపిరి అందింది.

"అంటే ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందన్నమాట?"

"బాగానే ఉందండీ," అన్నాడు సూపర్‌వైజరు సంబరంగా.

"మరి ఇక్కడ ఉద్యోగం ఎందుకు మానేస్తున్నారు?"

యజమాని మళ్ళీ మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరు మానేస్తున్నారు?" అన్నాడు యజమాని.

సూపర్‌వైజరు నేల వంక చూశాడు. ఇక అడ్డుపెట్టుకోవడానికి ఒక్క పెద్దాయన కూడా మిగల్లేదు. తండ్రే ముందుకొచ్చాడు. "పొద్దున్నే చెప్పానండీ, నిజం చెప్పమని. వీడికి ఇక్కడ గాలి ఆడట్లేదు."

యజమాని మొహం చిన్నబోయింది. "అంత మాటెందుకండీ? నేనేం కట్టిపడేశాను? అడగందే లెక్కలు చూడను, పనిలో వేలు పెట్టను..."

"అదంతా కాదు బాబూ. గాలి." తండ్రి వేలు పైకి చూపించాడు.

అందరూ తలెత్తారు. యజమాని భార్య కొంగుతో మెడ తుడుచుకుంటోంది. వచ్చిన దగ్గర్నుంచీ తుడుచుకుంటూనే ఉంది. "ఏవండీ, ఇవేవీ తిరగవా?"

"అది అమ్మే సరుకు, తిరిగితే..."

ఆవిడ మిగతా మాట వినలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, చేతికందిన స్విచ్చులన్నీ ఒక్కసారి వేసింది.

ఫ్యాన్లన్నీ ఒకేసారి మేలుకున్నాయి. ముందు ఇన్నేళ్ళ దుమ్ము దిగింది. అది అందరి నెత్తిమీదా సమానంగా పడి, జుట్టులన్నిటినీ ఒకే వయసుకి తెచ్చింది. తర్వాత బిల్లులు లేచి మెట్ల దాకా ఎగిరిపోయాయి. ఆ తర్వాత గాలి వచ్చింది. యజమాని కళ్ళు తుడుచుకుని, ఎగురుతున్న తన చొక్కాకేసి, కప్పుకేసి మార్చి మార్చి చూశాడు.

"ఇంత గాలొస్తుందా మన ఫ్యాన్లకి? చెప్పరేం!" అన్నాడు. తర్వాత సూపర్‌వైజరుతో, "మానేస్తే మానేయి, బతిమాలను. కానీ కారణం చెప్పి మానేయి. ఇప్పుడేం కారణం?" అన్నాడు.

సూపర్‌వైజరు వెతికాడు. ఉన్న ఒక్క కారణమూ నెత్తిమీద గిరగిరా తిరుగుతోంది. దిక్కుతోచక మేనేజరు వైపు చూశాడు.

"నన్ను క్షమించాలి. మిమ్మల్ని తీసుకోలేను," అన్నాడు మేనేజరు, కళ్ళద్దాల మీది దుమ్ము ఊదుకుంటూ. "మీరు చెడ్డవారని కాదు. మీరేం చెప్పినా నాకు రెండు రకాలుగా వినిపిస్తోంది." ఆయన తండ్రి వైపు తిరిగాడు. "మీరు ఇదివరకు ఎక్కడ చేసేవారండీ?"

"నూనె మిల్లు గోదాములో, సరుకు దించుకునే దగ్గర."

"ఎందుకు మానేశారు?" అన్నాడు మేనేజరు, అలవాటుకొద్దీ.

"నేనెక్కడ మానేశాను? ముసలాడివైపోయావు ఇంటికి పొమ్మన్నారు. నాకు ఒళ్ళు మండి బల్ల గుద్ది అరిచాను. బల్ల విరిగింది."

మేనేజరు కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన్ని మళ్ళీ చూశాడు. "ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి నాకు తిన్నగా జవాబు చెప్పింది మీరొక్కరే. మా గోదాములో పంపులు దించుకునే దగ్గర నమ్మకమైన మనిషి కావాలి. బరువులుంటాయి."

"బల్లలు గట్టివేనా?"

"ఇనుపవి."

"అయితే వస్తాను," అన్నాడు తండ్రి.

సాయంత్రం ఇంటి గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది. ఇద్దరి నెత్తిమీదా ఉన్న దుమ్ము గురించి అడగాలా, ఉద్యోగం గురించి అడగాలా అని ఒక్క క్షణం తటపటాయించింది. "వచ్చిందా ఉద్యోగం?"

"వచ్చింది."

"ఎప్పుడు చేరాలి?"

"రేపు పొద్దున. నన్ను కాదు, ఆయన్ని అడుగు."

తండ్రి అప్పటికే నీళ్ళ డబ్బాల దగ్గరికి వెళ్ళిపోయాడు, రేపటి బరువులకి చేతులు సిద్ధం చేసుకోవడానికి.

ఆ రోజు లెక్క ఇలా తేలింది: సూపర్‌వైజరుకి పాత ఉద్యోగం మిగిలింది, మానేయడానికి కారణం పోయింది, తండ్రికి కొత్త ఉద్యోగం వచ్చింది, జబ్బు మాత్రం ఎంత వెతికినా ఎవరి దగ్గరా దొరకలేదు. అందుకని మేనేజరు తెచ్చిన పళ్ళు తీసుకునేవాళ్ళు లేక ఆ సంచి ఇంటికే వచ్చింది. కొడుకు తీసుకొచ్చిన నికర లాభం అదే.